రెండు మిల్లీమీటర్ల మహా దొంగతనం

“ప్రపంచంలో మెదళ్లు రెండు రకాలు వదినా. ఒకటి మామూలుది. రెండోది ఇదిగో, ఇక్కడుంది,” అంటూ డిటెక్టివ్ తన నుదుటిని చూపుడువేలితో రెండుసార్లు తట్టుకున్నాడు. మూడోసారి గురి తప్పి కళ్లజోడు కిందుగా కంట్లో పొడుచుకున్నాడు.

వదిన అతని వైపు చూడలేదు. ఆమె బల్ల కింద మోకాళ్ల మీద కూర్చుని, టార్చిలైటు పట్టుకుని నేలను జానెడు జానెడుగా వెతుకుతోంది.

“ముందు కన్ను కడుక్కుని రా. వచ్చాక నీ మెదడు సంగతి చూద్దాం.”

ఆమె ఆ రైఫిల్ క్లబ్బులో తుపాకులు బాగుచేస్తుంది. డిటెక్టివ్ ఆమెకు సొంత మరిది. అతను పొద్దస్తమానం వదినా వదినా అంటూ క్లబ్బులో తిరగబట్టి, కోచ్‌తో సహా అందరికీ ఆమె వదినే అయిపోయింది. మరిదికి కళ్లద్దాల షాపులో ఉద్యోగం. అక్కడ అంచు విరిగిన భూతద్దం ఒకటి పారేస్తుంటే జేబులో వేసుకున్నాడు. ఆ సాయంత్రమే తాను డిటెక్టివ్‌నని ఇంట్లో ప్రకటించాడు. ఇప్పటికి పదకొండు కేసులు చేపట్టాడు. ముప్ఫై నలుగురిని అనుమానించి, నలుగురికి క్షమాపణ చెప్పాడు. మిగతా ముప్ఫైమంది ఇంకా ఎదురుచూస్తున్నారు.

పన్నెండో కేసు ఇప్పుడు బల్ల మీద ఉంది. అంటే, బల్ల మీద లేదు. అదే కేసు.

రైఫిల్ వెనక భాగంలో ముందుకూ వెనక్కూ జరిగే బోల్టును వదిన ఉదయం విప్పింది. శుభ్రం చేసి, నూనె రాసి, మళ్లీ అమర్చింది. చివరి మూతను పట్టి ఉంచే స్క్రూ ఒక్కటే బిగించాలి. ఆవగింజంత స్క్రూ. దాని తలలో ఆరు పలకల గుంట. ఆ గుంటలో సరిగ్గా కూర్చునే అలెన్ కీ ప్రపంచం మొత్తం మీద ఎన్నుంటాయో గానీ, ఈ క్లబ్బులో ఒక్కటే ఉంది. సూది కంటే కాస్త లావు, ఒక కొస వంపు. ఉదయం విప్పేటప్పుడు ఉంది. మధ్యాహ్నం బిగిద్దామంటే లేదు.

వదిన కూతురు ఆ తుపాకీతోనే నాలుగున్నరకు పోటీలో దిగాలి. జూనియర్ జట్టులో చోటు కోసం ఇది మూడో ప్రయత్నం. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. నాలుగింటిలోపు తుపాకీని తనిఖీ బల్ల దగ్గర చూపించి ముద్ర వేయించుకోకపోతే లోపలికే రానివ్వరు. గోడ గడియారం మూడూ పది చూపిస్తోంది.

“అమ్మా, ఏమైనా దొరికిందా?” అంటూ కూతురు తలుపులోంచి తొంగిచూసింది.

“దొరుకుతుంది. నువ్వు వెళ్లి నీళ్లు తాగు.”

“ఐదు గ్లాసులు తాగాను.”

“అయితే ఆరోది తాగు.”

డిటెక్టివ్ ఒక కన్ను ఎర్రగా చేసుకుని తిరిగొచ్చాడు. “వేరే తుపాకీతో కాల్చొచ్చు కదా అమ్మాయీ?”

“నీ కళ్లజోడు తీసేసి కోచ్‌ది పెట్టుకుని రోడ్డు దాటతావా?” అంది వదిన.

షాపు అనుభవం ఉన్నవాడు కనుక ఆ మాట వెంటనే అర్థమైంది. మరుక్షణం భూతద్దం తీసి, గోడకున్న కీల పెట్టె మీదికి వంగాడు.

“తొమ్మిది గుంటలు. తొమ్మిది కీలు. ఒక్కటీ తగ్గలేదు!” అంటూ భూతద్దం దించాడు. “వదినా, మనం తలపడుతున్నది మామూలు దొంగతో కాదు. దొంగిలించాక కూడా లెక్క సరిపోయేలా చేసిన మేధావితో!”

“అది మిల్లీమీటర్ల పెట్టె. ఈ తుపాకీ అంగుళాల్లో కొలిచేవాళ్ల దగ్గర తయారైంది. ఒకటిన్నర మిల్లీమీటర్లది పెడితే లోపల గిర్రున తిరుగుతుంది, రెండుది దూరనే దూరదు. బలవంతం చేస్తే పలకలు అరిగి, గుంట గుండ్రమైపోతుంది. ఇక దాన్ని ఎవడూ తిప్పలేడు. పోయిన కీ ఆ పెట్టెలోది కానే కాదు.”

“అంటే, పెట్టెలో లేనిదాన్ని కూడా పెట్టెలోంచి కొట్టేయగలడన్నమాట!”

వదిన టార్చిలైటు ఆర్పింది. అతని మొహం కనబడకుండా ఉంటే కాస్త నయమనిపించింది.

ఆ తర్వాతి పావుగంట డిటెక్టివ్ వరండాలో వీరవిహారం చేశాడు. పోటీకి వచ్చినవాళ్లంతా కాళ్లు బిగబట్టి, నడుము వంచకుండా, బాతుల్లా అడుగులేస్తున్నారు. అతను పరుగెత్తుకొచ్చి వదిన చెవిలో చెప్పాడు.

“ఇది ఒక్కడి పని కాదు. ముఠా! అందరూ బట్టల్లో ఏదో దాచుకుని నడుస్తున్నారు.”

“అది షూటింగు డ్రెస్సు బాబాయ్,” అంది కూతురు ఆరో గ్లాసు పట్టుకుని. “అట్టలా బిర్రుగా ఉంటుంది. నేనూ అలాగే నడుస్తున్నా, చూడు.”

“నువ్వు కూడానా!” అని గుండె పట్టుకున్నాడు.

తర్వాత అవతలి క్లబ్బు అమ్మాయి దొరికింది. ఆమె నవ్వగానే డిటెక్టివ్ భూతద్దం ఎత్తాడు.

“కదలకు! ఆ పళ్ల మీద ఇనుపతీగ ఏంటి?”

“పళ్ల డాక్టరు వేశాడండీ.”

“ఎందుకు?”

“పళ్లు ఎత్తుగా ఉన్నాయని.”

“ఎప్పట్నుంచి ఎత్తుగా ఉన్నాయి? సాక్షులెవరు?”

“మా అమ్మండీ. పిలవమంటారా?”

వాళ్లమ్మ పక్కనే ఉంది. పిలవకుండానే వచ్చింది. డిటెక్టివ్ తన జీవితంలో ఐదో క్షమాపణ చెప్పి, గోడవారగా జారుకున్నాడు.

ఈలోగా వదిన పొరుగు క్లబ్బులవాళ్లను నలుగురిని అడిగి వచ్చింది. అందరివీ మిల్లీమీటర్లే. ఒకాయన జాలిపడి చిన్న సుత్తి ఇవ్వబోయాడు. మూడూ ముప్ఫై ఐదు. ఇక పట్టణంలోకి ఆటోలో వెళ్లి పనిముట్ల దుకాణాలన్నీ తిరగడమే దారి అనుకుని ఆమె చెప్పులు వేసుకుంటూ ఉండగా, డిటెక్టివ్ కోచ్‌నూ, వదిన కూతురినీ, పళ్లమ్మాయినీ, వాళ్లమ్మనూ, సుత్తాయననూ గదిలోకి తోలుకొచ్చాడు.

“ఎవరూ బయటికి కదలొద్దు!” కళ్లు చిన్నవి చేసి ఒక్కొక్కరినీ చూశాడు. “హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు.”

“ఎవరు చచ్చారయ్యా?” అన్నాడు కోచ్ కంగారుగా.

“ఎవరూ చావలేదండీ. ఊపులో వచ్చేసింది.”

“నేను చస్తున్నాను,” అంది వదిన. “తప్పుకో, ఆటో ఎక్కాలి.”

“ఒక్క నిమిషం వదినా! నేరస్తుడికి ఉన్న ఆఖరి దారి కూడా ఇప్పుడే మూసేస్తున్నా!”

అంటూ తలుపు పిడి పట్టుకుని, గది అదిరేలా ధడాలున లాగి మూశాడు. మూసి, పిడి పట్టుకునే గర్వంగా ఇటు తిరిగాడు. పిడి కూడా అతనితోపాటే ఇటు తిరిగింది. తలుపు మాత్రం అక్కడే ఉంది. పిడిని పట్టి ఉంచే ఊచ అవతలివైపు జారి, వరండాలో టంగుమని పడింది.

కోచ్ తలుపును ఓసారి తోసి చూశాడు. కదల్లేదు.

“బాబాయ్,” అంది కూతురు మెల్లగా, “నా తుపాకీ కూడా లోపలే ఉంది. నేనూ లోపలే ఉన్నాను.”

వదిన తలుపు మీద రెండు చేతులతోనూ బాదింది. తుపాకులు మోగే చోట తలుపు చప్పుడు ఎవరికి పడుతుంది? కోచ్ భుజంతో గుద్ది, భుజం పట్టుకుని కూర్చున్నాడు. పళ్లమ్మాయి వాళ్లమ్మ డిటెక్టివ్‌ను ఏకవచనంలో తిట్టడం మొదలుపెట్టింది. మూడూ నలభై ఆరు. కూతురు ఏడవడం లేదు, అదే వదినను ఎక్కువ భయపెట్టింది. పిల్ల పెదవి కొరుక్కుంటూ బోల్టు చివరి మూతను వేలితో నొక్కి పట్టుకుని నిలబడింది, అలా పట్టుకుంటే అదే అతుక్కుంటుందన్నట్టు.

“చిట్టితల్లీ,” అంది వదిన. తన వేలు కూడా పిల్ల వేలి మీద పెట్టి నొక్కింది.

అప్పుడు తలుపు అవతల నుంచి దగ్గు వినిపించింది. క్లబ్బులో ఊడ్చి, తుడిచి, తలుపులూ కిటికీలూ చూసుకునే పెద్దాయనది.

“కంగారుపడకండి వదినమ్మా. ఊచ నా కాలి దగ్గరే పడింది. ఇప్పుడే బిగించి తీస్తా. ఈ గది పిడీ వదులైందా? మధ్యాహ్నం నుంచీ ఇదే పని, వరుసగా అన్ని తలుపులవీ బిగిస్తూ వస్తున్నా.”

కిరకిరమని చిన్న చప్పుడు. తలుపు తెరుచుకుంది. పెద్దాయన చేతిలో, సూది కంటే కాస్త లావుగా, కొస వంగి, అలెన్ కీ.

వదిన కెవ్వుమంది. “అది... అది నాది!”

“మీదే కదమ్మా. ఈ పిడి స్క్రూలకు ఇంకేదీ పట్టలేదు. మధ్యాహ్నం మీరు ఎవరిదో తుపాకీ కాల్చి చూస్తుంటే వచ్చి అడిగాను, బల్ల మీది చిన్న కీ తీసుకోనా అని. తలూపారుగా!”

వదిన మెడలో వేలాడుతున్న చెవి డిప్పలను తడుముకుంది. కాల్పుల దగ్గర అవి పెట్టుకుంటే ఎవరేమన్నా వినబడదు. పది మంది పది అడుగుతారు. ఇరవయ్యేళ్లుగా అందరికీ తలూపడం ఆమెకు అలవాటు.

“ఇందాకే తిరిగిద్దామని వచ్చానమ్మా,” అన్నాడు పెద్దాయన. “ఈ బాబు గుమ్మంలో ఆపి, విచారణ జరుగుతోంది, సామాన్యులు లోపలికి రాకూడదని పంపేశాడు.”

అందరూ డిటెక్టివ్ వైపు తిరిగారు.

“చూశారా,” అన్నాడతను పిడిని గాల్లో ఊపుతూ. “తలుపు మూస్తే దొంగ తనంతట తానే తెరుచుకుని వస్తాడని నాకు ముందే తెలుసు.”

అతన్ని కొట్టడానికి వదినకు తీరిక లేదు. కీ లాక్కుని, స్క్రూ గుంటలో పెట్టింది. అది కుక్కినట్టు కూర్చుంది. రెండు చుట్లు, ఒక సగం చుట్టు. బోల్టు తుపాకీలోకి, తుపాకీ కూతురి చేతుల్లోకి. బిర్రు డ్రెస్సులో ఆ పిల్ల బాతులా పరుగెత్తుతుంటే వెనక తల్లి, ఆ వెనక పిడితో డిటెక్టివ్. తనిఖీ బల్ల మీద ముద్ర పడేసరికి నాలుగుకు రెండు నిమిషాలు.

పోటీ గంటంబావు సాగింది. వదిన చెవి డిప్పలు పెట్టుకుని, స్కోర్లు చూపే తెర మీద కూతురి అంకె తొమ్మిదో చోటికి దిగడం, ఏడుకు ఎక్కడం, మళ్లీ దిగడం చూసింది. జట్టులో ఆరుగురికే చోటు. ఆఖరి గుండు పేలాక కూతురి అంకె కాసేపు ఊగిసలాడి, ఆరో వరుసలో స్థిరపడింది.

వదిన కళ్లు మసకబారాయి. పక్క వరుసల్లో సీనియర్లు ఇంకా కాలుస్తూనే ఉన్నారు. పక్కన మరిది వంగి, చేతులు తిప్పుతూ ఏదో అడుగుతున్నాడు. పాపం, అభినందిస్తున్నాడు కాబోలు. ఆమె నవ్వుతూ తలూపింది.

మర్నాడు ఉదయం ఆమె వచ్చేసరికి మరమ్మతు గది తలుపు మీద కొత్త బోర్డు వేలాడుతోంది.

“డిటెక్టివ్ కార్యాలయం. ఇచట తుపాకులు కూడా బాగుచేయబడును.”