మోడల్ ఇంట్లో పాలు పొంగాయి

సోమవారం పొద్దున పళ్లు తోముకుంటూనే వీరేందర్ ఆ రోజంతటికీ పథకం వేసేసుకున్నాడు. తొమ్మిదికి ఫొటో, పదికి పంపడం, పదకొండుకు తీరిగ్గా టిఫిన్. హైదరాబాదులో 'సురక్షిత నగరం, అందరికీ గూడు' అని యువజన సదస్సు జరగబోతోంది. పేద కుటుంబం కొత్త ఇంట్లో అడుగుపెడుతున్న ఫొటో మధ్యాహ్నంలోగా పంపిన సంఘానికి వేదిక మీద ఐదు నిమిషాలు మాట్లాడే అవకాశం ఇస్తారట. తన యువజన సంఘానికి అధ్యక్షుడూ, కార్యదర్శీ, చాలా రోజుల్లో ఏకైక సభ్యుడూ అయిన వీరేందర్ ఆ ప్రసంగాన్ని అప్పటికే బట్టీ పట్టాడు.

చిక్కల్లా ఇంటితోనే వచ్చింది. భద్రాచలానికి కాస్త ఎగువన, గోదావరి గట్టునున్న ఆ ఊరి పేరు చెబితే అక్కడి మండల ఆఫీసు వాళ్లు నొచ్చుకుంటారు కనుక చెప్పడం లేదు. ఇళ్ల పథకం కింద ఊరి నిండా పునాదులు పడ్డాయి, అక్కడక్కడా గోడలూ లేచాయి. కప్పు పడి, రంగు వేసి, తలుపుకు గొళ్లెం బిగించిన ఇల్లు మాత్రం ఒక్కటే ఉంది. జనం చూసి నేర్చుకోవడానికని ఆఫీసు ఆవరణలోనే కట్టించిన మోడల్ ఇల్లు అది. ప్రస్తుతం అందులో అటెండరు తుల్సీరాం దాచిన చీపుర్లూ, విరిగిన కుర్చీలూ కాపురముంటున్నాయి.

పేద కుటుంబం కోసం వెతకాల్సిన పని లేకపోయింది. గట్టు కింద టార్పాలిన్ గుడిసెలో భీమక్క ఏడేళ్లుగా ఒంటరిగా ఉంటోంది. ఏటా గోదావరి పొంగగానే మూటతో, కోడితో బడికి చేరుతుంది. వరద తీశాక బురద ఎత్తిపోసుకుని మళ్లీ గుడిసె వేసుకుంటుంది. మూడేళ్లుగా ఇంటికి దరఖాస్తు పెడుతూనే ఉంది. అడిగిన ప్రతిసారీ మండల అధికారి ప్రభాకర్ "ప్రాసెస్‌ల ఉందమ్మా" అని ఎంతో మర్యాదగా చెబుతాడు. ఇప్పుడు మళ్లీ ఆషాఢం వచ్చింది.

"అవ్వా, ఆఫీసు కాడి ఇంట్ల ఒక్క ఫొటో దిగి వద్దాం రా. పది నిమిషాల పని," అన్నాడు వీరేందర్.

"ఆ ఇల్లు ఎవరిది?"

"ఎవరిదీ కాదు. చూసెటందుకు కట్టిండ్రు."

"అవ్ బిడ్డా, మూడేండ్ల సంది చూస్తనే ఉన్న," అంది భీమక్క. మళ్లీ తనే, "వస్త గని, కొత్తింట్ల పాలు పొంగియ్యకుంట నేను కూసోను," అని షరతు పెట్టింది.

వీరేందర్‌కు ప్రాణం లేచొచ్చింది. పాలు పొంగుతుంటే ఫొటోకు ఎంత కళ! తనే పరుగెత్తి పాలప్యాకెట్ తెచ్చాడు, తనే మూడు ఇటుకలు పేర్చాడు, తనే కళ్లు మండేదాకా పొయ్యి ఊదాడు. తీరా పాలు అంచుకొచ్చే సమయానికి అతని ఫోన్ బిగుసుకుపోయింది.

"శ్యామలక్కా, జల్దీ రా. నీ ఫోన్ల ఒక ఫొటో తియ్యి."

శ్యామల ఆ ఆఫీసులోనే ఇళ్ల పథకం ఆపరేటరు. ఊళ్లో పునాదులన్నీ రోజూ పథకం యాప్‌లో ఫొటోలు తీసి తీసి ఆమె బొటనవేలికి మరో దారి తెలియకుండా పోయింది. వేలు అలవాటుగా ఆ యాప్ మీదే పడింది. యాప్ ఇంటిని చూసింది, భీమక్క ముఖం గుర్తుపట్టింది, మూడేళ్ల నాటి దరఖాస్తు వెతికి పట్టుకుంది, పచ్చటి టిక్కు పెట్టింది. భీమక్క రొంటినున్న ఫోన్ మోగింది. శ్యామల తీసుకుని పైకి చదివేసింది.

"మీ గృహప్రవేశం పూర్తయింది. శుభాకాంక్షలు."

చదివాక గాని తను చదివిందేమిటో ఆమెకు అర్థం కాలేదు. భీమక్కకు మాత్రం వెంటనే అర్థమైంది. గోడకు వీపు ఆనించి స్థిరంగా కూర్చుంది.

"ఇగ పోదాం అవ్వా," అన్నాడు వీరేందర్.

"పాలు పొంగిన ఇంట్ల వండుకోకుంట లేచిపోతరా? మీ ఇంట్ల గట్లనే చేస్తరా?"

వీరేందర్ ఇంట్లో అలా చేయరు. ఆమె లేచి లైటు వేసింది, ఆర్పింది, మళ్లీ వేసింది. "గోదారి వస్తే ఇక్కడికి నీళ్లొస్తయా బిడ్డా?" అని అడిగింది.

"రావు. పునాది ఎత్తుగ లేపిండ్రు," అన్నాడతను. అంతసేపూ ఈమెను ఫొటోలో బొమ్మగానే చూశానని తోచి నిజంగా సిగ్గేసింది. లేవమనడానికి నోరు రాలేదు.

పదకొండింటికల్లా కబురు విని గట్టు కింది జనం బియ్యంతో, పప్పుతో, భీమక్క కోడితో సహా వచ్చేశారు. కుర్చీలు బయటపడేశారేమిటని తుల్సీరాం గొడవకు దిగాడు. ఆకు వేసి కూర్చోబెడితే సర్దుకున్నాడు, పప్పు రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

కొత్తగూడెం మీటింగు నుంచి దిగిన ప్రభాకర్ ఆవరణలో పంక్తి భోజనాలు చూసి తిట్టడానికి నోరు తెరిచాడో లేదో, జిల్లా ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. జిల్లాలో తొలి గృహప్రవేశం మీదేనట, అభినందనలు, నాలుగింటికి పెద్ద సారు స్వయంగా చూడ్డానికి వస్తున్నారు. తెరిచిన నోటితోనే ఆయన థాంక్స్ చెప్పాడు.

"శ్యామలా, అది వాపసు తీసెయ్," అన్నాడు గొంతు తగ్గించి.

"యాప్‌ల ముందుకు పోయే బటనే ఉంది సార్. వాపసు పోవాల్నంటే అక్కడ ఇల్లే లేదని మీరు సంతకం పెట్టాలె."

ప్రభాకర్ కిటికీలోంచి చూశాడు. ఇల్లు ఉంది. తాలింపు వాసన కూడా వస్తోంది.

నాలుగింటికి పెద్ద సారు దిగాడు. గోడలు తట్టి చూశాడు, సంతోషించాడు. "ఆఫీసుకు ఇంత దగ్గర స్థలం ఎట్ల దొరికిందయ్యా?" అని అడిగితే, "పాలన ప్రజలకు దగ్గరగ ఉండాలని సార్," అన్నాడు ప్రభాకర్.

"ఏమన్న ఇబ్బంది ఉందా అమ్మా?"

అంతా బాగుందని చెప్పమని భీమక్కకు ముగ్గురు ముమ్మారు నూరిపోశారు. ఆమె అబద్ధమేమీ ఆడలేదు.

"ఇల్లు మంచిగుంది సారూ. ముంగట ఈ ఆఫీసే అడ్డముంది. దినాం మంది వస్తరు, పని గాక నా అరుగు మీదనే కూసుంటరు. పాపం, పొద్దటి సంది వాళ్లకు నీళ్లియ్యలేక సస్తున్న."

పెద్ద సారు గంభీరంగా డైరీ తీశాడు. లబ్ధిదారు ఇంటికి అడ్డు రాకుండా ఆఫీసును వేరే భవనంలోకి మార్చాలని రాసుకున్నాడు, సంతకం చేశాడు, వెళ్లిపోయాడు.

వీరేందర్ ఫొటో యాప్‌లోనే ఇరుక్కుపోయింది. సదస్సు గడువూ దాటింది. ఆఫీసుకు కిరాయి ఇల్లు వెతికే బాధ్యత అతని సంఘానికే అప్పగించారు. 'అందరికీ గూడు' బ్యానరు సైకిలుకు కట్టుకుని అతను ఊరంతా తిరుగుతున్నాడు గాని, మండల ఆఫీసుకని తెలియగానే ఇంటివాళ్లు తలుపులు వేసుకుంటున్నారు. ఆ నెల గోదావరి రెండో ప్రమాద హెచ్చరిక దాటింది. భీమక్క ఏడేళ్లలో మొదటిసారి మూట కట్టలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున ప్రభాకర్ ఆఫీసు తాళం తీసే వేళకు ఆమె అరుగు మీదికొచ్చి, "ఎప్పుడు ఖాళీ చేస్తరు సారూ?" అని అడుగుతుంది.

"ప్రాసెస్‌ల ఉందమ్మా," అంటాడు ప్రభాకర్, ఎప్పటిలాగే మర్యాదగా.