రామ్మూర్తి, ఒకటో నంబరు

పందొమ్మిది వందల డెబ్బై రెండు ఎండాకాలం మొదట్లో సూర్యాపేట బియ్యం వ్యాపారి రామ్మూర్తి చేతిలో ఉన్న సరుకు ఇది: గోదాములో రెండు లారీల పాత బియ్యం, మాట తప్పడని బజారులో పేరు, డాక్టరు కావాలని పట్టుబట్టిన ఒక కూతురు. మొదటి రెండింటి విలువ అతనికి తెలుసు. మూడోది లాభమో నష్టమో ఇంకా తేలలేదు.

కూతురు చంద్రకళ ఇంటర్ మొదటి ఏడాది పరీక్షలు రాసింది. ఊళ్ళో డాక్టరమ్మ కృష్ణకుమారి ఏటా సెలవుల్లో వైద్యం చదవాలని మనసున్న పిల్లల్ని కొందరిని తన దవాఖానాలో చేర్చుకుని, పని చూపించి, చిన్న పరిశోధన ఒకటి చేయించేది. ఈసారి విషయం కడుపులో చేరి రక్తం పీల్చే కొంకి పురుగులు. అవి ఏ వీధిలో ఎంతమందికి ఉన్నాయో తేల్చాలి. అందుకు ఒక్కొక్కరి నుంచి వరసగా రెండు రోజుల మలం డబ్బాల్లో తేవాలి. అడిగిన ప్రతి ఇంటివాళ్ళూ తలుపులు వేసుకుంటుంటే, కూతురి మొహం చూడలేక మొదటి రెండు డబ్బాలు రామ్మూర్తే నింపి ఇచ్చాడు. ఆ త్యాగం గురించి బజారులో ఎవరికీ చెప్పలేదు.

డబ్బాలు దుకాణంలోవే. బియ్యం కొనేవాళ్ళు నాణ్యం చూసుకోవడానికి ముందుగా పిడికెడు మచ్చు పంపాలంటే రామ్మూర్తి గుండ్రటి రేకు డబ్బాలు వాడేవాడు. మూత మీద కాగితం అంటించి తన పేరు, సరుకు నంబరు రాసేవాడు. ఆ పద్ధతి చూస్తూ పెరిగిన పిల్ల కనుక చంద్రకళ కూడా మొదటి రోజుది "రామ్మూర్తి, 1" అనీ, రెండో రోజుది "రామ్మూర్తి, 2" అనీ రాసి, మూతల చుట్టూ మైనం పెట్టింది. తల్లి స్వరాజ్యలక్ష్మి వాటిని గడప దాటనివ్వలేదు. "అవి లోపలికొస్తే నేను బయటికి పోత" అన్నది. దాంతో అవి దుకాణం కిటికీలో, బియ్యం మచ్చుల పక్కన చేరాయి.

ఆ సోమవారం పొద్దున రామ్మూర్తి తలపెట్టింది రోజూ చేసే పనే, కొనేవాళ్ళకు మచ్చులు పంపడం. "ఐలన్నా, ఒకటో నంబరు కోదాడ నాగేశ్వర్ రావుకు, రెండో నంబరు మిర్యాలగూడ తులసీరాంకు. మొదటి బస్సుకే పంపియ్యి" అని గుమస్తాకు చెప్పి టీకి పోయాడు. ఐలన్న పేరు చూశాడు, నంబరు చూశాడు. మైనం పెట్టిన మూతల శుభ్రం చూసి ముచ్చటపడి మరీ ఆ రెండే పంపాడు. ఇందులో ఐలన్న తప్పేముంది? ఆ తర్వాత చంద్రకళ వచ్చి కిటికీలో మిగిలిన "రామ్మూర్తి, 1", "రామ్మూర్తి, 2" డబ్బాలను, మైనం ఎండకు కరిగిపోయిందనుకుని, సంచిలో వేసుకుని దవాఖానాకు పోయింది. ఆ పిల్ల తప్పు మాత్రం ఏముంది?

మధ్యాహ్నం కోదాడ నుంచి ఫోను.

"ఏమయ్యా రామ్మూర్తీ, నన్ను మనిషనుకున్నావా, ఇంకేమన్నా అనుకున్నావా?"

"ఏమైంది రావుగారూ? మచ్చు ముట్టలేదా?"

"ఎందుకు ముట్టలేదు! ముక్కు దగ్గర పెట్టుకుని మరీ చూశాను."

"మంచిది. గట్లనే సూడాలె. పాత సరుకు సంగతి వాసన్లనే తెలుస్తది."

"ఇది నీ సరుకేనా?"

రామ్మూర్తికి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఆ మాట ఎవరూ అడగలేదు. "నాది గాక ఇంకెవరిది? నా చేతులతోని నేనే తీసిన మచ్చు!"

"సిగ్గు లేకుండా చెబుతున్నావే!"

"సిగ్గెందుకు? దొంగ సరుకా? మిర్యాలగూడకు గూడ పంపిన. రెండు లారీలున్నది, అంతా గిదే తీరు."

"రెండు లారీలా!"

"నమ్మకుంటే పిడికెడు వండుకొని తిని సూడుండ్రి. తర్వాత మాట్లాడుదురు!"

ఫోను పగిలినట్టు చప్పుడై ఆగిపోయింది.

అవమానం దిగమింగే మనిషి కాదు రామ్మూర్తి. నేరుగా వర్తక సంఘానికి పోయి జరిగింది చెప్పాడు. పెద్దమనుషులందరికీ రోషం వచ్చింది. రామ్మూర్తి మచ్చును తప్పు పడితే సూర్యాపేట బజారునంతా తప్పు పట్టినట్టేనన్నారు. సంఘం తరఫున కోదాడకు తంతి కొట్టారు: "రామ్మూర్తి మచ్చు మా అందరి మచ్చు. క్షమాపణ చెప్పాలి."

తంతి వెళ్ళిపోయాక చంద్రకళ పరుగెత్తుకుంటూ వచ్చింది. "నాన్నా, డాక్టరమ్మ నీ డబ్బా తెరిస్తే బియ్యం ఉన్నయి. మరి నీది ఏడ పోయింది?"

రామ్మూర్తి జేబులోని తంతి రసీదును తడుముకున్నాడు. ఎక్కడ పోయిందో ఇప్పుడు అతనికి బాగా తెలుసు.

"ఇగ ఖతం! నీ డాక్టరు చదువు వద్దు, ఏం వద్దు. రేపటి సంది దవాఖాన దిక్కు పోతే మంచిగుండదు!"

చంద్రకళ ఏడవలేదు. "ఆ మాట నువ్వే వచ్చి డాక్టరమ్మకు చెప్పు" అంది.

చెప్పడానికే పోయాడు. అతను నోరు తెరవకముందే డాక్టరమ్మ అంది: "కూర్చోండి. మీ దాంట్లో పురుగులున్నాయి."

"అమ్మా, అది నాది కాదు. అంటే, నాదే. కానీ అది కాదు."

"బియ్యం సంగతే చెబుతున్నాను. మీ అమ్మాయే కనిపెట్టింది. పిండి రాలుతోందని గింజ చీల్చి చూసింది."

రామ్మూర్తి సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టాడు. పైకి నిగనిగలాడే గింజ లోపల తెల్లటి ముక్కుపురుగు పిల్ల ఒకటి హాయిగా భోంచేస్తోంది. ఇంకొన్ని వారాలు గడిస్తే రెండు లారీలూ పిండే. సరైన డబ్బాయే కోదాడ చేరి బేరం కుదిరి ఉంటే, నాగేశ్వర్ రావు తర్వాత ఇంతకంటే గట్టిగా తిట్టేవాడు. పైగా అప్పుడు న్యాయం కూడా అతని వైపే ఉండేది. రామ్మూర్తి చెప్పడానికి వచ్చిన మాట చెప్పకుండానే లేచాడు. తిరిగి వచ్చి సరుకంతా ఎండకు పోయించి, జల్లెడ పట్టించి, పనికిరానిది తీయించాడు.

ఆ పని నడుస్తుండగానే మిర్యాలగూడ తులసీరాం ఫోను చేశాడు.

"సేటూ, మచ్చు సూసిన. రెండో నంబరు గదా, జర రంగు తక్కువున్నది."

"తెరిచి సూసినవా?"

"ఏం మాటది! తెరవకుంట బేరం చేస్తనా? నమిలి గూడ సూసిన. క్వింటాలుకు రెండు రూపాయలు తగ్గియ్యి, రెండు లారీలు నావే."

రామ్మూర్తికి కోదాడ తిట్ల మీద కంటే ఈ అబద్ధం మీదే ఎక్కువ మండింది. "రెండెందుకు తగ్గిస్త? ఒక్కటి. బాగు చేసిన బియ్యం పంపుత. ఆ డబ్బా మాత్రం తెరవకు... అంటే, మళ్ల తెరవకు. అట్లనే పూడ్చిపెట్టు."

మర్నాడు పొద్దున అతను స్వయంగా దవాఖానాకు పోయి కూతురి చేతిలో కొత్త డబ్బా పెట్టాడు. మూత మీద నంబరు లేదు. లోపల ఏముందో పెద్ద అక్షరాల్లో రాసి ఉంది.

ఎండాకాలం చివర లెక్క ఇలా తేలింది. కోదాడ బేరం పోయింది, మిర్యాలగూడ బేరం నిలిచింది. రామ్మూర్తి కడుపులో కొంకి పురుగులు బయటపడి మందుకు పోయాయి, వాటితోపాటు మెట్లెక్కితే వచ్చే ఆయాసమూ పోయింది. చంద్రకళను వచ్చే సెలవుల్లో కూడా రమ్మంది డాక్టరమ్మ, రామ్మూర్తి వద్దనలేదు. తులసీరాం మాత్రం ఎప్పుడు కలిసినా, ఆనాటి రెండో నంబరు లాంటి సరుకు మళ్ళీ దొరకలేదనే అంటాడు.