మణికట్టు పట్టు

నీటి సరఫరా కార్యాలయంలో ఫిర్యాదుల గుమాస్తా ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. విరిగిన కళ్లజోడు కాడను దారిలో అతికించుకుని, తీరిగ్గా ఆఫీసుకు చేరాలి. ఆ రోజు సిబ్బందికి ఆత్మరక్షణ శిక్షణ ఉంది. ఫిర్యాదులకు వచ్చేవాళ్లలో కోపిష్టులు ఎక్కువయ్యారు కాబట్టి, ఎవరైనా కత్తి తీసి మీదికొస్తే ఏం చేయాలో నేర్పిస్తామని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. యాభై ఆరేళ్ల వయసులో, మోకాలు అరిగినవాడికి ఈ కుస్తీ ఎందుకని అతని బాధ. సగం ఎగ్గొడితే సగం బాధైనా తప్పుతుందనుకున్నాడు.

శిక్షకుడు పోలీసు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. దూరం జరగండి, మెల్లగా మాట్లాడండి, అడిగింది ఇచ్చేయండి, సందు దొరికితే పారిపోండి అని ముఖ్యమైనదంతా మొదటి సగంలోనే చెప్పేశాడు. ఇక ఏ దారీ లేనప్పుడు చేయవలసినది ఒక్కటే రెండో సగానికి మిగిలింది. కళ్లజోడు అతికించుకుని ఆలస్యంగా వచ్చిన గుమాస్తా విన్నది అదొక్కటే.

"ఇక్కడ ఆలోచన పనికిరాదు. కత్తి కనబడిందా, రెండు చేతులతో మణికట్టు పట్టేయాలి. ఒంటికి దూరంగా తోసి, గట్టిగా అరవాలి" అన్నాడు శిక్షకుడు రబ్బరు కత్తి చూపిస్తూ.

"ఏమని అరవాలండీ?"

"కత్తి అని. చుట్టుపక్కల వాళ్లకు తెలియొద్దూ?"

నలభై సార్లు చేయించాడు. మధ్యాహ్నానికి గుమాస్తా చేతులు అతని మాట వినడం మానేసి శిక్షకుడి మాట వినసాగాయి.

సాయంత్రం వంటింట్లో భార్య ఉల్లిపాయలు తరుగుతోంది. వెనక అలికిడి విని, "ఏమండీ, కళ్లజోడు బాగైందా?" అంటూ కత్తితో సహా ఇటు తిరిగింది.

తర్వాత జరిగినదానిలో గుమాస్తా ప్రమేయం లేదు. చేతులు వాటంతటవే లేచి ఆమె మణికట్టు పట్టేశాయి. నోరు దానంతటదే "కత్తి, కత్తి" అని కేకలు పెట్టింది. ఆమె గిన్నెల మీద పడింది, గిన్నెలు ఆమె మీద పడ్డాయి. కత్తి అతని చేతికొచ్చింది.

"నేనేం చేశానండీ మిమ్మల్ని?" అని ఆమె ఏడ్చింది.

"నువ్వేం చేయలేదే. నేనూ ఏం చేయలేదు. చేతులు..."

గోడ అవతల పక్కింటి టీచరమ్మకు వినబడినవి కత్తి, గిన్నెలు, ఏడుపు. ఆవిడ పోలీసులకు ఫోన్ చేసింది. వాళ్లు తలుపు తోసుకుని వచ్చేసరికి, గుమాస్తా కత్తి ఆడిస్తూ భార్యకు సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. ముందున్న కానిస్టేబులు అదే శిక్షకుడి దగ్గర పూర్తి శిక్షణ పొందినవాడు.

గుమాస్తా కుడి మణికట్టుకు పిండికట్టు పడింది. బావమరిది వచ్చి అక్కను తన ఇంటికి తీసుకుపోతూ, "బావా, మీరంటే నాకు గౌరవమే. కానీ కొన్నాళ్లు దూరం నుంచి గౌరవిస్తాను" అన్నాడు. మర్నాడు ఆఫీసులో మెమో. ఎడమచేత్తో రాసిన జవాబు రాసినవాడికే అర్థం కాలేదు. అదే సాయంత్రం భార్యను పిలుచుకు రావడానికి వెళ్లాడు. ఆమె గుమ్మంలోకి వచ్చింది గాని, రెండు చేతులూ వెనక్కి దాచుకుని నిలబడింది. అతను గుమ్మం నుంచే తిరిగొచ్చేశాడు.

ఆ మర్నాడు కౌంటరు ముందుకు ఒక పొడుగాటి మనిషి వచ్చాడు. కిటికీలోంచి నిజమైన కత్తి లోపలికి చాపి, "పదకొండు వారాలుగా నా కుళాయిలో గాలి తప్ప ఏమీ రావడం లేదు. ఇవాళ తేలిపోవాలి" అన్నాడు.

శిక్షణ పొందిన సిబ్బంది అంతా బల్లల కింద దూరారు. గుమాస్తా కదల్లేదు. భయపడే ఓపిక కూడా మిగల్లేదు.

"కానివ్వండి" అన్నాడు. "ఇంటికెళ్లినా తలుపు తీసే మనిషి లేదు."

చాపిన కత్తి కొంచెం కిందికి వాలింది. "అదేంటి?"

గుమాస్తా అంతా చెప్పాడు. "ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషండీ. నన్ను చూసి చేతులు దాచుకుంది."

 వచ్చినవాడు కత్తిని కౌంటరు మీద పెట్టి, గుమాస్తా వైపు నెమ్మదిగా తోశాడు. "ఆవిడతో నేను చెప్తాను సార్. మీరు ఈగకు కూడా హాని చేయరని."

అన్నమాట నిలబెట్టుకున్నాడు. పోలీసు స్టేషనులో తన వాంగ్మూలం కన్నా ముందు గుమాస్తా గుణగణాలు రాయించాడు. ఆ కాగితం నకలు చదివి భార్య ఇంటికి తిరిగొచ్చింది. ఉల్లిపాయలు మాత్రం అతన్నే తరగమంది. పై అధికారి మెమో వెనక్కి తీసుకుని, ప్రమాదవేళ చూపిన నిబ్బరానికి మెచ్చుకోలు పత్రం ఇచ్చాడు.

కుళాయి ఫిర్యాదు మాత్రం, గుమాస్తా కుడిచెయ్యి ఇంకా లేవనందువల్ల, నమోదు కాలేదు.