గండికోటకు చెప్పి వెళ్ళుట గురించి

భూమి బల్లపరుపుగా ఉంటుంది. ఇది నా సొంత అభిప్రాయం కాదండి. మండపేట చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళం తరతరాలుగా కళ్ళారా చూసి ఖాయం చేసుకున్న సంగతి. గుండ్రంగా ఉంటుందని పుస్తకాల్లో రాసినవాళ్ళెవరూ మా వైపు వచ్చిన దాఖలాలు లేవు. వచ్చుంటే మా పంచాయతీ ఆఫీసు మెట్ల మీద నిలబడి, నాలుగు వైపులా వరిచేలు తప్ప ఇంకేమీ కనపడక, రాసింది కొట్టేసుకుని, ఓ కొబ్బరి బొండం తాగి వెళ్ళిపోయేవారు. మా ఊళ్ళోకెల్లా ఎత్తైన ప్రదేశం కాలువ గట్టు. దాని ఎత్తు ఏడడుగులు (వర్షాకాలంలో ఆరు).

అలాంటి ఊళ్ళో నా భార్య నాగదుర్గ పంతొమ్మిదేళ్ళుగా హైస్కూల్లో సోషల్ టీచరు. ఏటా జూలైలో పీఠభూముల పాఠం చెబుతుంది. చూపించడానికి చుట్టుపక్కల ఏమీ లేదు గనక వంటింట్లోంచి పీట పట్టుకెళ్ళి, బల్ల మీద పెట్టి, "చుట్టూ ఉన్న నేల కంటే ఎత్తుగా, పైన చదునుగా ఉంటే అదే పీఠభూమి" అంటుంది. పోయినేడు హర్షిత అనే ఏడో తరగతి పిల్ల లేచి నిలబడి, "టీచర్, మీరు చూశారాండి?" అని అడిగింది. నాగదుర్గ చూశానని అనేసింది.

ఇది చిన్న విషయం కాదు. ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు. పెళ్ళిచూపుల్లో అబ్బాయి నచ్చాడా అని అడిగితే "ఇప్పుడే ఏం చెప్పలేనండి" అన్న మనిషి (తుది నివేదిక ఇంకా అందలేదు). ఆ రోజు ఇంటికొచ్చి, అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది.

"పిల్ల మొహం చూసి అబద్ధమాడానండి. మళ్ళీ ఆ పాఠం వచ్చేలోగా ఒక్కసారి వెళ్ళి చూసి రావాలి. కడప జిల్లాలో గండికోట అంట. పెన్నకి అటూ ఇటూ నిలువునా రాతిగోడలంట, వాటి పైనంతా పీటలా చదునంట. చూడకుండా ఇంక ఆ పాఠం నా నోటితో చెప్పలేను" అంది.

సరే, వేసవి సెలవుల్లో వెళ్దామన్నాను. ఎండల్లో రాళ్ళ మధ్యకి ఎందుకని మీరు అడగొచ్చు. డెల్టా రైతుకి వేరే దారి లేదండి. కాలువలో నీళ్ళు పారినంతకాలం రైతు ఊరు దాటలేడు. దాళ్వా, అంటే రెండో పంట, కోతలై, కాలువలు కట్టేశాకే మాకు సెలవు. ఆ సెలవు సరిగ్గా రాళ్ళు పెనంలా కాలే నెలలో వస్తుంది. కనక మా వాళ్ళు ఏ మెట్ట ప్రాంతాన్ని చూడాలన్నా నలభై నాలుగు డిగ్రీల దగ్గరే చూడాలి. ఈ ఏర్పాటు మీద అప్పీలు లేదు.

ఇద్దరం, రెండు టికెట్లు, నాలుగు రోజులు. అంతే పని. అంతటితో ఊరుకుని ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. కాని నేను మా బాబాయిగారికి చెప్పాను.

చెప్పక తప్పదు మరి. మా వైపు ఊరెళ్ళేవాళ్ళు కాశీకైనా కాకినాడకైనా అయినవాళ్ళకి చెప్పి వెళ్ళాలి. చెప్పినవాడు "మీరూ రండి" అనకపోతే మర్యాద కాదు. దానికి "అబ్బే, మేమెందుకండీ" అనడం అవతలివాళ్ళ మర్యాద. "అదేంటండీ, రావాల్సిందే" అనడం మళ్ళీ మన మర్యాద. నాలుగో మాటకి వాళ్ళు అటక మీంచి సూట్‌కేసు దింపుతారు. ఈ నాలుగు మాటల మధ్యలో ఎక్కడా ఆగడానికి చోటు లేదు. ఆగినవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు.

మా బాబాయి త్రిమూర్తులు గారు ఒకానొక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా చేసి రిటైరై పదకొండేళ్ళయింది. ఆయన రిటైరయ్యారు గాని ఆయనలోని ఆఫీసు రిటైరవలేదు. వాళ్ళింట్లో కరెంటు పోతే ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది, ఎవరు గమనించారు అన్నది రిజిస్టరులో ఎక్కుతుంది. నేను సంగతి చెప్పగానే కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఒరే ప్రసాదూ, ఇద్దరే వెళ్ళడమేంట్రా, ఎవరూ లేనివాళ్ళలాగా? మేమంతా చచ్చామా?" అన్నారు.

"అబ్బే, మీరూ రావాల్సిందే బాబాయ్" అన్నాను. (చూశారుగా.)

మర్నాటికి ఫైలు తయారైంది. గం.కో./వే.యా./1. అంటే గండికోట వేసవి యాత్ర. ఎర్రదారం కట్టి ఉంది. మొదటి పేజీలో నిబంధనలు. ఒకటి, ఎవరికి చెప్పినను స్వయముగా వెళ్ళి చెప్పవలెను, ఫోనులో చెప్పుట చెప్పనట్టే. రెండు, ఒకరికి చెప్పి వారి పక్కింటివారికి చెప్పకుండుట క్షమార్హము కాదు. మూడు, చెప్పిన ప్రతి ఇంటను కాఫీ పుచ్చుకొనవలెను, ఇంతకుముందే తాగామను సాకు చెల్లదు. ఈ మూడూ పాటిస్తూ పదహారు ఇళ్ళు తిరిగేసరికి మే నెలలో తొమ్మిది రోజులు, నా కడుపులో కొంత భాగం కరిగిపోయాయి.

పదిహేడో ఇల్లు మా బావమరిది సత్తిబాబుది. వాడుండేది రావులపాలెంలో. ఎండలో అంతదూరం ఎందుకులే అని వాట్సాప్‌లో పెట్టాను. సాయంత్రానికి ఫోను.

"బావా, నేనేమన్నా పరాయివాణ్ణా, వాట్సాప్‌లో చెప్పించుకోడానికి? అక్క పుట్టింటివాళ్ళంటే మీకంత చులకనా?"

బండేసుకుని వెళ్ళి బతిమాలాల్సి వచ్చింది. బతిమాలేటప్పుడు వాడి అత్తమామలు అక్కడే కూర్చుని ఉన్నారు. వాళ్ళని వదిలేసి ఎలా బతిమాలతారండీ? అలా రెండు టికెట్ల యాత్ర యాభై ముగ్గురికి పెరిగింది. బాబాయిగారు రైలు కొట్టేసి బస్సు అని రాశారు.

బాబాయిగారబ్బాయి ఉదయ్‌భాస్కర్ ఇంట్లోంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. వాడు గూగుల్ ఫారం తయారుచేసి గ్రూపులో వదిలాడు. మీరు ఎండకి తట్టుకోగలరా? (అవును / కాదు / ఏసీ ఉంటే.) మీరు ఎక్కిన అతి పెద్ద ఎత్తు ఎంత? దీనికి ముప్పై ఒక్కమంది కాలువ గట్టు అనీ, పద్నాలుగుమంది మేడ అనీ, ఒకాయన నిచ్చెన అనీ రాశారు. రాయి మీద కూర్చోగలరా? (అవును / కాదు / కుర్చీ వేస్తే.) కుర్చీకి తిరుగులేని మెజారిటీ వచ్చింది. వెంటనే యాభై ప్లాస్టిక్ కుర్చీలు బస్సు మీద కట్టాలని తీర్మానం. ముగ్గురు నిలబడతారని కూడా.

తరవాత మా పిన్ని అన్నపూర్ణమ్మగారు ఒక్క మాట అన్నారు.

"అక్కడ నీళ్ళు దొరకవంట కదరా?"

బాబాయిగారింట్లో కూర్చున్నవాళ్ళందరూ ఎవరి మంచినీళ్ళ గ్లాసు వాళ్ళు దగ్గరికి లాక్కున్నారు. గోదావరి నీళ్ళు తాగి పెరిగినవాళ్ళకి ఆ మాట ఎలా ఉంటుందో బయటివాళ్ళకి చెప్పినా తెలీదు. అక్కడివాళ్ళు కూడా మనుషులేనని, వాళ్ళూ నీళ్ళే తాగుతారని నాగదుర్గ చెప్పబోయింది. వినేదెవరు? జల ఉపసంఘం ఏర్పడింది. మనిషికి రోజుకి ఒక టిన్ను, స్నానానికి ఒకటి, ఎవరైనా వచ్చి అడిగితే మర్యాదకి ఒకటి. ఆ టిన్నులకి లారీ, లారీ డ్రైవరుకి మళ్ళీ టిన్నులు.

పిన్నిగారికి ఇంకో అభ్యంతరం ఉంది. ఆవకాయ. కలిపిన మూడో రోజున తిరగ కలపాలి కాబట్టి ఈలోపు ఆడవాళ్ళెవరూ గుమ్మం దాటరు. పదిహేడు ఇళ్ళవాళ్ళూ ఒకేసారి కలిపేస్తే గొడవ లేదు. కాని ఒకరికి కాయ దొరకలేదు, ఒకరికి ఆవపిండి ఆడలేదు, ఒకరికి మంగళవారం పడదు. ఉదయ్‌భాస్కర్ అందరి తేదీలూ కంప్యూటర్లో వేసి, పదిహేడు జాడీలకీ తీరిక దొరికే మొదటి రోజు జూన్ పదకొండు అని తేల్చాడు. పన్నెండున బడి తెరుస్తారు. ఆపాటికి కాలువలకి నీళ్ళు వదులుతారు.

అప్పుడే నాగదుర్గ మొహం మాడిపోవడం నేను చూశాను. చూసి ఏం చేశాను? గ్రూపులో బొటనవేలు బొమ్మ పెట్టాను.

ఇక దారి. గండికోట మాకు నైరుతిలో ఉంది. "బయల్దేరేముందు పిఠాపురం వెళ్ళి కుక్కుటేశ్వరస్వామికి ఓ దణ్ణం పెట్టుకుందాం, దారిలోనే కదా" అన్నారు పిన్నిగారు.

"అత్తయ్యగారండీ, పిఠాపురం ఈశాన్యంలో కదండీ" అంది నాగదుర్గ.

బాబాయిగారు చిరునవ్వు నవ్వారు. "అమ్మా, నువ్వు సోషల్ టీచరువి, దిక్కులు నీకు తెలిసినంత మాకు తెలియవు. కాని దేవుడి దగ్గరికి వెళ్ళేటప్పుడు దిక్కులు చూడకూడదు" అని, పిఠాపురం అని రాసి కింద గీత గీశారు. పిఠాపురం దాకా వెళ్ళి యానాం వెళ్ళకపోవడం అన్యాయమని పురుషుల ఉపసంఘం విన్నవించుకుంది. అక్కడ ఏం చూస్తారని అడిగితే ఫ్రెంచివాళ్ళ చరిత్ర అన్నారు. (మా సత్తిబాబుకి చరిత్ర మీద ఉన్న ఆసక్తి ఆ రోజే తెలిసింది. సీసాలు పట్టే రెండు ఖాళీ సంచులు కూడా వేసుకున్నాడు.)

జూన్ పదకొండు దాకా ఆగితే అసలుకే మోసం వస్తుందని బాబాయిగారు మే ఆఖరి ఆదివారానికి అత్యవసర తీర్మానం చేశారు. ఆవకాయ జాడీలు ఒక్కరోజుకి ఓర్చుకుంటాయి గనక యాత్ర ఒక్కరోజు. పొద్దున్న పిఠాపురం, మధ్యాహ్నం యానాం, సాయంత్రం గండికోటకు బదులుగా కడియం. అక్కడ ఒక నర్సరీలో రాతి తోట పెట్టారట. రాళ్ళు, ముళ్ళ మొక్కలు, ఎర్రమట్టి, కావలసినవన్నీ ఒకేచోట, పైగా నీడలో.

నాగదుర్గ బస్సెక్కింది. యాభైమూడు మంది, యాభై కుర్చీలు, నూట పది టిన్నులు.

కడియంలో నర్సరీ యజమాని బుజ్జిబాబు ఎదురొచ్చి మమ్మల్ని రాతి తోటలోకి తీసుకెళ్ళాడు. కుండీల్లో బ్రహ్మజెముడు, మధ్యలో ఇంటంత బండ. అందరూ ఆహా అన్నారు. నాగదుర్గ దగ్గరికి వెళ్ళి, అరచెయ్యి దాని మీద పెట్టి, కాసేపలా ఉండి, వేలు మడిచి కొట్టింది. తలుపు కొట్టినట్టు మోగింది.

"ఏవండీ, లోపల డొల్లగా ఉందేంటండీ?"

"రాయి కాదండి అది, సిమెంటండి" అన్నాడు బుజ్జిబాబు, దాచుకునేదేముందన్నట్టు. "ఇనప చట్రం మీద పూత. అంత నిజం రాయి పెడితే రెండు వానలకి దిగబడిపోద్దండి. మన నేల మొయ్యదు."

బాబాయిగారు ఫైలు తెరిచారు. రాయి యొక్క ఆకారము సంతృప్తికరము, లోపలి సంగతి యాత్రికులకు సంబంధించినది కాదు, గండికోట దర్శనము పూర్తయినట్టు భావించి ఫైలు మూసివేయడమైనది. నాగదుర్గని ఆ బండ మీదకెక్కించి, చుట్టూ కుర్చీలు వేసుకుని అందరూ ఫొటో దిగారు. తీసింది నేనే. "నవ్వు దుర్గా" అన్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుందండి నాకు.

మంగళవారం పొద్దున్న లేచేసరికి ఆవిడ లేదు. ఫ్రిజ్ మీద చీటీ ఉంది. "గండికోట వెళ్తున్నాను. శుక్రవారం వస్తాను. ఇడ్లీపిండి లోపలుంది. ఎవరికీ చెప్పకండి."

నేను ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదింటికి పిన్నిగారు కరివేపాకు కోసం వచ్చి "అమ్మాయేదిరా?" అంటే మాత్రం చెప్పాను. పెద్దావిడతో అబద్ధం ఎలా ఆడతాం? పదింటికి మా ఇంట్లో సభ. మూసేసిన ఫైలు తెరవకూడదు గనక బాబాయిగారు కొత్తది తెరిచారు. అభియోగాలు: చెప్పకుండా వెళ్ళుట, ఒంటరిగా వెళ్ళుట, నీళ్ళు తీసుకెళ్ళకుండా వెళ్ళుట. సత్తిబాబు ఫోనులో ఏడ్చినంత పని చేశాడు. "అక్క నాకు వాట్సాప్‌లోనన్నా పెట్టలేదు బావా!"

శుక్రవారం సాయంత్రం నాగదుర్గ వచ్చింది. విజయవాడలో ఒక బస్సు, కడపలో ఒకటి, జమ్మలమడుగులో ఒకటి మారిందట. ముక్కు మీద తోలు ఊడింది. పెదాలు పగిలాయి. ఒక చెప్పు అడుగు ఊడిపోతే చున్నీ చింపి కట్టుకుంది. సంచీలోంచి తువ్వాల్లో చుట్టిన ఎర్రరాయి తీసి అరుగు మీద పెట్టింది. బరువుగా ఠక్కుమంది. దాని పక్కనే కూర్చుని, నన్ను చూసి, ఏదో చెప్పబోయి, తనలో తనే నవ్వుకుంది. పాతికేళ్ళ కాపురంలో అలా నవ్వగా నేను చూళ్ళేదు. ఏంటి దుర్గా అందామని నోరు తెరిచాను. ఈలోగా బాబాయిగారు ఫారం పట్టుకుని గేటు తీశారు.

సంజాయిషీ ఫారం. మూడు ప్రతులు. ఎందుకు చెప్పలేదు? ఎవరెవరికి చెప్పలేదు (జాబితా జతపరచవలెను)? చెప్పనందుకు మొదట ఎవరు బాధపడ్డారు? ఇకమీదట చెప్పకుండా వెళ్ళు ఉద్దేశము కలదా? భర్త సంతకం. ఆవిడ అన్ని గళ్ళూ ఓపిగ్గా నింపింది. నేను మూడుచోట్లా సంతకం పెట్టాను.

ఇది జరిగి మూడు వారాలు. పదిహేడు ఇళ్ళవాళ్ళూ వరసగా వచ్చి, కాఫీలు తాగి, "చెప్పి వెళ్తే మేం కాదంటామా అమ్మా" అని అడిగి వెళ్ళారు. గండికోట ఎలా ఉందని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదండి. ఫారంలో ఆ గడి లేదు.