కాపలా కాపురం

"ఖాళీ ఇల్లంటే దొంగకు మనమే పంపే శుభలేఖ. ఇంట్లో మనుషులున్నట్టు కనిపించాలి. భద్రత అంటే అదీ!"

మా వీధి భద్రతా సంఘం అధ్యక్షుడు దోన్ ఎలాదియో బరేయ్రో డిసెంబరు సమావేశంలో ఈ మహావాక్యం పలకగానే అందరం చప్పట్లు కొట్టాం. ఆయన కస్టమ్స్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఎదుటివాడి పెట్టెలో ఏముందో చూడకుండా ఉండలేని శాఖ అది. అలాంటి మనిషికి ఊరెళ్లేటప్పుడు ఇంటి తాళాలు అప్పగిస్తున్నామే అన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు.

మా అసున్సియోన్ నగరంలో జనవరి అంటే నడివేసవి, ఎండకు రోడ్డు మీద తారు కరుగుతుంది. ఆ నెలలో పరువున్నవాళ్లు సరిహద్దు దాటి, బ్రెజిల్లోని కంబొరియూ సముద్రతీరానికి పోతారు. పరువు తప్ప ఇంకేమీ లేనివాళ్లు పోతున్నామని చెబుతారు. చిన్న మందుల షాపు నడుపుకునే నేను రెండో రకం. మా ఆవిడ ఫిదెలీనా పక్కింటి పళ్ల డాక్టరు ఓవెలార్ భార్యతో "ఈసారి మేమూ కంబొరియూకే" అనేసి వచ్చింది. ఇక ఇంట్లో ఉండే దారి లేదు, సముద్రానికి పోయే స్తోమతు లేదు. సముద్రం ఊసే లేని విల్యారికాలో ఉన్న ఆవిడ పిన్నమ్మ ఇంటికి బయల్దేరాం.

తాళాలు ఇవ్వడానికి వెళితే దోన్ ఎలాదియో వరండాలో చల్లటి తెరెరె కషాయం గొట్టంతో పీలుస్తూ కూర్చున్నాడు.

"తిరిగి ఎప్పుడొస్తారు?"

"ఆదివారం సాయంత్రం."

"ముందే రారు కదా? వస్తే కాపలా లెక్క తప్పుతుంది బాబూ."

"సముద్రం వదిలిపెట్టి ఎవరైనా ముందే వస్తారాండీ?" అంది మా ఆవిడ.

"అయితే నిశ్చింతగా వెళ్లిరండమ్మా. మీ ఇంట్లో మీరు లేరన్న సంగతి ఈగకు కూడా తెలియనివ్వను."

విల్యారికాలో మా సముద్రస్నానం పిన్నమ్మ పెరట్లో జరిగింది. తీరానికి వెళ్లొచ్చినట్టు ఒళ్లు నల్లబడాలి గనుక, కొబ్బరినూనె రాసుకుని మిట్టమధ్యాహ్నం కోళ్ల మధ్య పడుకున్నాం. కోళ్లు మొదట భయపడ్డాయి, తర్వాత అలవాటుపడ్డాయి. అలవాటు పడనిది పిన్నమ్మే. వచ్చేపోయే వాళ్లందరికీ మమ్మల్ని చూపించి, "పాపం, సముద్రానికి డబ్బుల్లేక నా పెరట్లో ఎండుతున్నారు" అని చెప్పేది. శనివారం పొద్దున ఆ మాట మా ఆవిడ చెవిన పడింది.

"సముద్రం చాలు. ఇంటికి పోదాం పదండి," అని పెట్టె సర్దేసింది.

మధ్యాహ్నానికి వీధి మలుపు తిరిగేసరికి కాల్చిన మాంసం వాసన, వాద్యాల మోత. ఏ ఇంట్లోనో విందు జరుగుతోందనుకున్నాం. దగ్గరకు వెళితే ఆ ఇల్లు మాదే. గేటుకు గులాబీరంగు బుడగలు. పెరట్లో వీధి వీధంతా భోంచేస్తోంది. మధ్యలో దోన్ ఎలాదియో కూతురు సునీల్దా గౌను కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని నాట్యం చేస్తోంది. అది ఆ పిల్లకు పదిహేనేళ్లు నిండిన పండగ, మా దేశంలో పెళ్లంత ఘనంగా చేస్తారు.

నా చెప్పులు వేసుకుని దోన్ ఎలాదియో ఎదురొచ్చాడు. ఆ ముఖంలో తడబాటన్నది లేదు.

"మీరు రేపు కదా రావాలి," అన్నాడు మందలింపుగా.

"ఇదేంటండీ, మా ఇంట్లో ఇంతమంది..."

"మరి? ఒక్క దీపం వెలిగిస్తే దొంగ నమ్మడం మానేశాడు బాబూ, కాలం మారింది. ఇంతమంది కాపలా ఉండగా చీమైనా దూరుతుందా చెప్పండి. కూర్చోండి, మొహమాటపడకండి. మీ ఇల్లే అనుకోండి."

ఇక నోరు విప్పి నాలుగు దులుపుదామనుకునేలోగా పళ్ల డాక్టరు ఓవెలార్ చేతిలో కాల్చిన పక్కటెముక పట్టుకుని వచ్చాడు. ఆయనా కంబొరియూ నుంచి నిన్ననే దిగాడట.

"ఏమయ్యా, మంగళవారం తీరంలో చెయ్యి ఊపితే చూడకుండా వెళ్లిపోయారే?"

నేను లేని చోట నన్ను చూసిన మనిషితో ఏమని వాదించను?

"ఎండ కళ్లల్లో పడింది డాక్టరుగారూ. క్షమించాలి," అన్నాను.

"అదే అనుకున్నా."

ఆ తర్వాత నాకు కోపం ప్రదర్శించే అర్హత పోయింది. నా ఇంట్లో నాకొక పళ్లెం పెట్టారు, తిన్నాను.

కేకు తేవడానికి తమ ఇంటికి వెళ్లిన దోన్ ఎలాదియో భార్య ఖాళీ చేతులతో పరుగెత్తుకొచ్చింది.

"తలుపు పగలగొట్టారు! టీవీ లేదు. మేకుకు తగిలించిన తాళాల గుత్తి కూడా లేదు!"

వాద్యాలు ఆగిపోయాయి. ఆ గుత్తిలో వీధి మొత్తం తాళాలున్నాయి.

పోలీసు రెకాల్దే వచ్చి, ముందు భోంచేసి, తర్వాత విచారణ మొదలుపెట్టాడు.

"దొంగతనం జరిగినప్పుడు మీరంతా ఎక్కడున్నారు?"

"ఈ ఇంట్లో. కాపలా కాస్తున్నాం," అన్నాడు దోన్ ఎలాదియో.

"మీ ఇంటికి ఎవరు కాపలా?"

దోన్ ఎలాదియో తన ఖాళీ పళ్లెం వైపు చూసుకున్నాడు. రెకాల్దే నావైపు తిరిగాడు. "ఇంటి యజమాని మీరేగా? ఈ వారమంతా ఎక్కడున్నారు? చూసి చెప్పండి, ఇది పోలీసు వాంగ్మూలం. అబద్ధమని తేలితే లోపలికి పోతారు."

మా ఆవిడ నేల చూపులు చూసింది. పరువు ఒకవైపు, లాకప్పు ఒకవైపు.

"విల్యారికాలో... మా పిన్నత్తగారింట్లో."

పెరడంతా డాక్టరు వైపు తిరిగింది. రెకాల్దే కూడా తిరిగాడు. "కంబొరియూలో ఈయన్ని మీరు చూశారని ఇందాక భోజనం దగ్గర విన్నాను."

డాక్టరు పక్కటెముకను పళ్లెంలో పెట్టాడు. "నేను... ఈ పక్కనే లూకేలో మా తమ్ముడింట్లో ఉన్నానండీ. అక్కడెవరో అచ్చం ఇలాగే ఉంటే..."

అప్పుడు దోన్ ఎలాదియోకు కోపం వచ్చింది. ఇల్లు దోచుకుపోయారన్నప్పుడు కూడా రాని కోపం.

"ఇన్ని అబద్ధాలా? మిమ్మల్ని నమ్మి నేను భద్రత ఏర్పాట్లు చేశానే. సముద్రం నుంచి ఆదివారం లోపు రారని కదా శనివారం విందు పెట్టుకున్నాను. విల్యారికా అని ముందే చెప్పుంటే గురువారమే కానిచ్చేవాణ్ని. మనిషికి నిజాయితీ ఉండక్కర్లేదా?"

ఆశ్చర్యమేమంటే మేమందరం సిగ్గుతో తలలు వంచుకున్నాం. ఇకపై సభ్యులు ఏ ఊరు వెళుతున్నదీ నిజమే చెప్పాలని అక్కడికక్కడే తీర్మానించాం. చేతులెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను.

"దొంగ చేతిలో మీ తాళం చెవి ఉంది," అన్నాడు దోన్ ఎలాదియో, కొంచెం చల్లబడి. "ఈ స్థితిలో మిమ్మల్ని ఒంటరిగా వదలలేను. మా తలుపు బాగయ్యేదాకా మేమంతా ఇక్కడే ఉండి కాపలా కాస్తాం."

సోమవారం పొద్దున స్నానానికి వెళ్లి తలుపు తోస్తే, లోపల గడియ వేసి ఉంది. తట్టాను.

"ఎవడ్రా అది?" అని లోపలినుంచి దోన్ ఎలాదియో గద్దించాడు.

కాపలా అంటే అలా ఉండాలి.