మంత్రిగారి ఫోనులో ఎముకల పుస్తకం

"ఈ రోజు నుంచి ఈ కాలేజీలో చదువుకి కాగితం అడ్డురాదు!" అని మంత్రిగారు ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొట్టకపోతే మా అమ్మాయి మార్కులు కోస్తారేమోనని నా భయం.

లైబ్రరీలోని పుస్తకాలు గోడౌన్‌కి వెళ్ళాయి. వాటి చోట కంప్యూటర్లు వచ్చాయి. మంత్రిగారు స్వహస్తాలతో మొదటి మీట నొక్కారు. కంప్యూటరు ఫోన్ నంబరు అడిగింది. దాపరికం ఎరగని మనిషి, సొంత నంబరే ఇచ్చేశారు. కాలేజీ మొత్తానికి అదే ఖాయమైపోయింది.

మర్నాటి నుంచి ఎవరు ఏ పుస్తకం తెరవబోయినా ఓటీపీ మంత్రిగారి ఫోనుకే వెళ్ళసాగింది.

మా అమ్మాయిది డాక్టరీ మొదటి ఏడు. సోమవారం ఎముకల పరీక్ష. ఎముకలు తెలియకుండా డాక్టరయితే ఎవరి కాలు ఎటు తిప్పి అతికిస్తుందో! లైబ్రేరియన్ దగ్గరికి పరిగెత్తాను.

"ఆ నంబరు మార్చండి బాబూ."

"మార్చొచ్చమ్మా. దానికీ ఓటీపీ కావాలి."

"అదెక్కడికి వెళ్తుంది?"

ఆయన పైకి చూశారు. దేవుడి వైపేమో అనుకున్నాను. గోడ మీద మంత్రిగారి ఫొటో ఉంది.

మంత్రిగారింటికి వెళ్ళాను. ఎంతైనా ప్రజల మనిషి, వరండాలో ఓటీపీల కౌంటరే పెట్టించారు. పీఏ చీటీ మీద అంకెలు రాసిచ్చాడు.

"త్వరగా వెళ్ళమ్మా, కాసేపే పనిచేస్తుంది."

"మా అమ్మాయికి ఫోన్లో చెప్పెయ్యనా నాయనా?"

"ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని అందులోనే రాసుంటుంది కదమ్మా! చూస్తే చదువుకున్నదానిలా ఉన్నావ్!"

నేను కాలేజీ దగ్గర ఆటో దిగేసరికి అంకెలకి ఆయుష్షు తీరిపోయింది.

శనివారం కాలేజీలో సభ. కంప్యూటర్ లెక్క ప్రకారం ఎముకలు, నరాలు, మందులు, అన్నీ చదివింది మంత్రిగారొక్కరే. ఉత్తమ పాఠకుడిగా ఆయనకి పతకం వేశారు. పాఠకుడికి పుస్తకమే గౌరవమని గోడౌన్‌లోంచి లావుపాటిది ఒకటి తెచ్చి చేతిలో పెట్టారు. అట్ట మీద అస్థిపంజరం. మా అమ్మాయికి కావలసిన ఎముకల పుస్తకమే!

"చదువంటే నాకు ప్రాణం! ఊపిరి పీల్చుకోను కూడా తీరిక లేదు!" అన్నారు మంత్రిగారు. ఆయన జేబు టింగుమంటూనే ఉంది.

సభ ముగిసింది. పతకం, పూలగుత్తి కారెక్కాయి. పుస్తకం కుర్చీలోనే ఉండిపోయింది.

దొంగతనం కేసు పెడతారేమోనని అటూ ఇటూ చూసి దాన్ని చీర కొంగు కింద దాచి ఇంటికి తెచ్చాను.

మా అమ్మాయి అట్ట తిప్పింది. ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం.

ఓటీపీ అడగలేదు.