గూడబాతుల చదరంగం

చదరంగంలో ఏ పావు ఏదో తెలియకపోవడమే అసలైన నాగరికత! ఈ సత్యం నాకు డెబ్బై నాలుగో ఏట, ఏలూరులో బాలికల జిల్లా పోటీల అప్పీలు కమిటీలో కూర్చున్నాక బోధపడింది.

ఒకప్పుడు ఊరికొక రకం రాజు, వడ్రంగికొక రకం మంత్రి ఉండేవారు. పరాయి ఊరి ఆటగాడు ఎవరు ఎవరో పోల్చుకోలేక తల పట్టుకునేవాడు. బల్ల ఎవరిదో గెలుపు వారిది. ఎంత చల్లని రోజులు!

1849లో లండన్‌వారు అంతా పాడుచేశారు. రాజు కిరీటం మీద సిలువ, గుర్రానికి గుర్రం తల అంటూ ఒక నమూనా రిజిస్టరు చేయించారు. పోనుపోను ప్రపంచమంతా పోటీలకు దాన్నే ప్రామాణికం చేసుకుంది. మన ఏనుగు స్థానంలో కోట బురుజు నిలబెట్టినా మన పిల్లలు ఇట్టే గుర్తుపట్టేశారు. అందరికీ అన్నీ తెలిసిపోతే ఆతిథ్యమిచ్చిన పెద్దమనిషికి మిగిలేదేమిటి?

ఈ అన్యాయాన్ని సరిదిద్దినవారు పోటీల దాత, చేపల మేత వ్యాపారి నాగేశ్వరరావు గారు. కొల్లేరు గౌరవార్థం ఆయన చేయించిన సెట్టులో ముప్పై రెండు పావులూ గూడబాతులే, అంటే పెలికాన్ పక్షులే! బంట్లు తప్ప అన్నీ ఒకే ఎత్తు, ఒకే పొట్ట. ముక్కు పైకెత్తితే రాజు, కిందికి దించితే మంత్రి, కొంచెం పక్కకు తిప్పితే శకటు.

ఫైనల్లో దాతగారి మనవరాలు హిమజ, కొల్లేటికోట నుంచి వచ్చిన హెప్సిబా తలపడ్డారు. గెలిచినవారికి రాష్ట్ర పోటీల్లో చోటు. ఒక్క ఎత్తులో ఆట ముగించవలసిన హెప్సిబా మంత్రి అనుకొని శకటును ముట్టుకుంది. ముట్టుకున్న పావును కదపవలసిందేనని నియమం. కదిపింది, ఓడింది, అప్పీలు చేసింది.

"రూలంటే రూలే కదండీ! చూసుకుని ముట్టుకోవాలి తల్లీ" అన్నారు రెఫరీ జగన్నాథం గారు.

నిజమే! పుట్టిన నాటి నుంచీ గూడబాతుల మధ్య పెరిగిన పిల్ల, ముక్కు చూసి హోదా చెప్పలేకపోవడం ఏం పెంపకం? మా కాన్వెంటు సిస్టర్లయితే మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. నేను కలం తెరిచాను. అప్పీలు కొట్టివేయడానికి మూడు సంతకాలూ కావాలి, మూడోది నాదే.

అంతలో ఫోటోగ్రాఫరు అడ్డుపడ్డాడు. "సార్, మీ మనవరాలిని గెలిపించిన ఆ మంత్రిని మీ చేత్తో కదపండి!"

దాతగారు చిరునవ్వుతో వంగి, రాజును పట్టుకున్నారు.

"తాతయ్యా, అది రాజు!" అంది హిమజ విసుగ్గా. "ముక్కు కిందికున్నది మంత్రి. ఇంట్లో నెల రోజుల నుంచీ చెప్తూనే ఉన్నాను కదా!"

హెప్సిబా లేచి నిలబడింది. "సార్, ముట్టుకున్నారు కదండీ. రాజునే కదపాలి కదండీ?"

"అబ్బే, అది ఫోటో కోసమమ్మా" అన్నారు జగన్నాథం గారు. "సార్‌కి ఆ రూలు ఉండదు."

చూశారా, ఎంత సుఖమైన ఏర్పాటో! పావులు దాతగారివి, వాటి గుర్తులు దాతగారింటివి, రూలు మాత్రం హెప్సిబాది.

నేను కలం మూసేశాను. మూడో సంతకం లేని ఆ కాగితం ఇప్పటికీ నా చేతిసంచిలోనే ఉంది. ఆదివారం ఉదయం తొమ్మిదింటికి అదే హాల్లో, మా కాన్వెంటు పాఠశాల బీరువాలోని పాత చెక్క పావులతో ఆట మళ్ళీ జరుగుతుంది. ముందుగా ఒప్పుకున్నది హిమజే. రాజు రాజులా, మంత్రి మంత్రిలా కనిపిస్తారు. అందువల్ల పెద్దలకు కలిగే అసౌకర్యానికి మన్నించగలరు.